సంరక్షణ ధనము - హక్కు పత్రములు

తెలుగునాట ఆశ్రిత కులములవారి యొద్ద హక్కు పత్రములను పేర నొక లేఖ్యజాతి కలదు. మాదిగలకు డక్కలివారు, గొల్లలకు మందహెచ్చులవారు, ముదిరాజులకు కాకిపడగలవారు, పద్మశాలీలకు కూనపులివారు - ఇట్లు ఒక్కొక్క దాతృకులమునకు దాని పుట్టుపూర్వములను పాడి వినిపించు వంశములు కలవు. ఏ వంశము ఏ యూర త్యాగము పుచ్చుకొనవలెనో, ఆ మిరాశి తండ్రి తరువాత కొడుకుల నడుమ నెట్లు పంచబడెనో తెలుపునది హక్కు పత్రము. రాగిరేకుపైనను కాగితముపైనను వ్రాయబడిన యీ పత్రము, రైతునకు పట్టా యెట్టిదో గాయకునకు అట్టిది. వాటాలలో తగవు పుట్టినపుడు కులపెద్దల యెదుట దీనినే విప్పి చదువుదురు.

ఇట్టి పత్రములను కాపాడుటకు నేడు కొన్ని సంస్థలు ధనసహాయము చేయుచున్నవి. ఆ సహాయము కొనియాడదగినదే. కాని అది దేనిని లేఖ్యముగా నెంచుచున్నది, దేనిని విడుచుచున్నది, ధనమెవరి చేతికి చేరుచున్నది అను ప్రశ్నలు మన శాఖలలో చర్చింపబడవలసియున్నవి. ఈ వ్యాసమున వానిని పరిశీలింపదలచితిమి. అందులకు సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతమందలి సిర్గాపూరును గీటురాయిగా గైకొనుచున్నాము. ఏల యన, పెద్ద గ్రంథాలయములకు దూరమై, తెలుగు, కన్నడము, మరాఠీ కలిసికొను సీమలో నున్న యిట్టి యూరికి పనికివచ్చిన పథకము తక్కిన యూళ్లకును పనికివచ్చును.

సేకరణము మనకు క్రొత్త కాదు. కల్నల్ మెకంజీ 1821లో మరణించునాటికి, కావలి సోదరుల వంటి తెలుగువారి సాయమున, దక్షిణదేశపు గ్రామవృత్తాంతములను విరివిగా వ్రాయించియుండెను. ఆ కైఫీయతులు లేనిచో మన గ్రామచరిత్ర వ్రాయుట దుష్కరము. అయినను వానిలో పలుకువారు ప్రధానముగా కరణములు, స్థానిక ప్రభువులు, దేవాలయములవారు. మాదిగవాడకు కథ చెప్పు డక్కలి కంఠమునకు అందు చోటు దొరకలేదు. పైగా ఆ సంచయము లండనుకు, కలకత్తాకు, మద్రాసుకు చెదరిపోయినది. తెలంగాణమున 1934లో సురవరము ప్రతాపరెడ్డిగారు 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. 1935లో లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణా శాసనములను ప్రకటించినది. ఈ రెండును మన జాతికి ఆత్మగౌరవమును నిలిపిన కార్యములు. కాని శాసనము రాతి మాటను, సంచిక పద్యకవి మాటను కాపాడినవి. గాయకుని పెట్టెలోని పత్రము పెట్టెలోనే యుండెను.

2004లో బ్రిటిష్ లైబ్రరీ, ఆర్కేడియా అను దాతృసంస్థ ధనముతో, నశించుచున్న లేఖ్యముల సంరక్షణమునకై యొక పథకమును ఆరంభించినది. అందు 201వ సంఖ్య గల కార్యము నాటి ఆంధ్రప్రదేశమునందలి జానపద సమాజముల హక్కు పత్రములను, తదితర పత్రములను పరిశీలించి సేకరించుటకు ఉద్దేశింపబడినది. ఈ పథకమున మూలము దేశము దాటదు. ఛాయాప్రతి యొకటి స్థానిక సంస్థ యందును, మరియొకటి లండను నందును ఉండును. మెకంజీ నాటి మార్గముతో పోల్చిచూచినచో ఇది గొప్ప సంస్కారము. హక్కు పత్రమును చరిత్రసాధనముగా గుర్తించి దానికై ధనమును వెచ్చించుట అంతకంటె గొప్పది.

మన దేశపు పథకములలో ఈ గుర్తింపు కష్టము. 2003లో స్థాపింపబడిన జాతీయ వ్రాతప్రతుల సంస్థ తన పరిధిని నిర్వచించుచు, వ్రాతప్రతికి కనీసము 75 ఏండ్ల వయస్సుండవలెననియు, శాసనములు, ఫర్మానులు, రెవెన్యూ దస్త్రములు వ్రాతప్రతులు కావనియు చెప్పినది. విజ్ఞానమును బోధించునదే వ్రాతప్రతి యని దాని మతము. హక్కు పత్రము వాటాలను చెప్పును గనుక దస్త్రమని త్రోసివేయవచ్చును. ఇక ప్రభుత్వ పురాలేఖ శాలల ముఖ్యకార్యము సర్కారు కచేరీల కాగితములను కాపాడుట. డక్కలి పెట్టెలోని పత్రము కచేరీ దస్త్రము కాదు. ఇట్లు రెండు వాకిళ్ల నడుమ ఈ పత్రము వీధిలో నిలిచినది. 2025-26 కేంద్ర బడ్జెటులో వ్రాతప్రతుల కార్యమునకు కేటాయింపును మూడున్నర కోట్లనుండి 60 కోట్లకు పెంచి, కోటికి పైగా వ్రాతప్రతులను పరిశీలింప సంకల్పించిరి. ధనము పెరిగినను నిర్వచనము మారనిచో మన గాయకునకు ఒరుగునది లేదు.

నిర్వచనముకంటె లోతైన చిక్కు మరియొకటి కలదు. హక్కు పత్రము చూచినంతనే తెలియునది కాదు. అందలి లిపిని లిపిజ్ఞుడు చదువగలడు; ఊళ్ల పేరులను పట్టిక వేయగలడు. కాని ఆ యూరు ఆ వంశమునకు ఏల వచ్చెను, ఆ దాత యెవ్వడు, ఆ వాటా పెండ్లికట్నముగా చేతులు మారెనా, అప్పునకు కుదువబడెనా అను విషయములు పత్రము గలవాని నోట నున్నవి. పత్రమునకు అతడే వ్యాఖ్యాత. ధనపథకములు ఏడాదికో రెండేండ్లకో ముగియును. కార్యఫలము ఛాయాచిత్రముల లెక్కలో చూపబడును. కాగితము దక్కి వ్యాఖ్యాత గతించినచో మనకు మిగులునది మూలము గలిగియు వ్యాఖ్య లేని కావ్యమే. ప్రబంధమునకు వ్యాఖ్య కావలెనని నిత్యము బోధించు తెలుగు శాఖలు ఈ మాటను మొదట గ్రహింపవలెను.

మరియొక సంగతి. మిరాశి యింకను చెల్లుచున్న చోట ఈ పత్రము జీవనాధారము. దాని వాటాలను లోకమంతటికిని తెరచిచూపినచో ఎదిరిపక్షమువాని చేతికి సాక్ష్యమునిచ్చినట్లగును. పండితుని జిజ్ఞాస గాయకుని యింట తగవు పెట్టరాదు.

ఇక సిర్గాపూరును చూతము. నారాయణఖేడ్ తాలూకా 1956 వరకు హైదరాబాదు రాజ్యమున బీదరు జిల్లాలోనిది. ఆ యేట రాష్ట్రముల పునర్విభజనలో బీదరు మైసూరు రాష్ట్రమునకు పోగా, ఈ తాలూకా మెదకు జిల్లాలో చేరెను. 2016నుండి సంగారెడ్డి జిల్లాలోనిది. గాయకుని మిరాశి ఈ గీతలను ఎరుగదు. ఇందలి తండాలవారి మాట మరింత చిక్కైనది. లంబాడీలు 1976 నాటి సవరణ చట్టముతో తెలంగాణమున షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందిరి. గీతకు ఆవల కర్ణాటకమున వారే షెడ్యూల్డు కులము. మహారాష్ట్రమున విముక్త జాతి. వారి గోర్ బోలీకి సొంత లిపి లేదు; గోత్రములను, వంశావళులను భాట్, ఢాడీ గాయకులు పాడి నిలుపుదురు. ఒక్క రాష్ట్రమునకే, ఒక్క లిపికే, ఒక్క కాగితమునకే కట్టుబడిన ధనపథకము సిర్గాపూరు చేరినచో ఈ సంపదలో పిడికెడైనను పట్టుకొనలేదు.

కావున మా సూచనలు ఇవి. ప్రతి ఛాయాప్రతితోపాటు పత్రము గలవాని పఠనమును, వివరణమును అతని కంఠముననే ముద్రింపవలెను. ఆ పనికి అతనికి పండితపారితోషికమే చెల్లింపవలెను. అతని పేరు సూచికలో సంపాదకుని పేరుతో సమానముగా నుండవలెను. ఏ పత్రమును ఎప్పుడు, ఎవరికి తెరువవలెనో నిర్ణయించు అధికారము అతని వంశమునకే యుండవలెను. సూచికలు నేటి జిల్లా పేరుతో బాటు పాత తాలూకా పేరును, మిరాశి గ్రామముల పేరులను చేర్చుకొనవలెను. వీనికి కావలసినది అధిక ధనము కాదు. ఉన్న ధనమును వేరు విధముగా పంచుట.

పంపకము నెట్లు వ్రాయవలెనో హక్కు పత్రమే నేర్పుచున్నది. అందు ఇచ్చినవాని పేరు, పుచ్చుకొన్నవాని పేరు, ఒక్కొక్కరి వాటా, సాక్షుల పేరులు దాపరికము లేక యుండును. సంరక్షణ ధనమునకు వ్రాయు ఒడంబడికయు అట్లే యుండి, అందు గాయకుని వాటా కూడ వ్రాయబడిననాడు, ఆ కార్యము నిజమైన సంరక్షణమని మేము ఒప్పుకొందుము.