దొంగ పెట్టుకున్న ఒట్లు

ఏలేవాడే అక్కర్లేదనే ఆలోచనను నాటకంగా కట్టడం కష్టం. ఉపన్యాసం దంచితే జనం లేచిపోతారు. 1923లో రాయ్‌పూర్‌లో పుట్టిన హబీబ్ తన్వీర్ ఆ పనిని ఒక దొంగకు అప్పగించారు. 1975 నాటి ఆయన ‘చరణ్‌దాస్ చోర్’లో ఆస్తినే దొంగతనంగా లెక్కగట్టిన ప్రూధాన్ ఊసు లేదు, అరాజకవాది క్రొపోట్కిన్ ఊసు లేదు. అయినా అరాజకవాదం మీద నేను చదివిన చాలా పుస్తకాలకంటే ఈ నాటకమే సూటిగా తగులుతుంది.

మూలం విజయ్‌దాన్ దేథా చెప్పిన రాజస్థానీ జానపద కథ. బంగారు పళ్లెం కొట్టేసిన చరణ్‌దాస్‌ను హవల్దారు తరుముతుంటే ఓ గురువు దగ్గర దూరతాడు. దొంగతనం మానేయమంటాడు గురువు. అది నా వృత్తి, మానలేను, కావాలంటే వేరే ఒట్లు పెట్టుకుంటానంటాడు దొంగ. బంగారు పళ్లెంలో తినడట, ఏనుగెక్కి ఊరేగడట, రాణిని పెళ్లాడడట, ఇచ్చినా గద్దె ఎక్కడట! జనం పగలబడి నవ్వుతారు. గురువు ఇంకోటి తగిలిస్తాడు: అబద్ధమాడకూడదు. (దక్షిణ దగ్గర పట్టుబట్టే ఈ గురువునీ నాటకం వదిలిపెట్టదు.)

నవ్వించడానికి విసిరిన ఆ నాలుగు మాటలూ తర్వాత ఒక్కొక్కటే నిజమై ఎదురొస్తాయి. పనితనమంతా అక్కడుంది. విందు, ఊరేగింపు, పెళ్లి, గద్దె: మనిషిని తనవైపు తిప్పుకోవడానికి కొలువు వేసే ఎరలే ఇవన్నీ. ఏ ఎరకూ లొంగనివాడి ముందు రాజ్యానికి మిగిలేది బల్లెం ఒక్కటే. ఆ సంగతి నాటకంలో ఎవరూ నోరు విప్పి చెప్పరు, కథ నడకే చెబుతుంది.

ఖజానా ఘట్టం మరీ ముచ్చటైనది. చరణ్‌దాస్ అయిదు మొహరీలే తీస్తాడు. ఎలాగూ దొంగ పడ్డాడు కదా అని లెక్కలు చూసే మునీం ఇంకో అయిదు తన జేబులో వేసుకుంటాడు. విచారణలో దొంగ అయిదే అంటాడు. అతని మాట అబద్ధం కాదు గనక నేరం నేరుగా ఉద్యోగి మెడకు చుట్టుకుంటుంది. అంతకుముందు ధాన్యం దాచుకున్న భూస్వామి (మాల్‌గుజార్) కొట్టు కొల్లగొట్టి ఆకలిగొన్నవాళ్లకు పంచిందీ ఈ దొంగే.

ఈ నాటకం తయారైన తీరు కూడా దాని భావానికి దూరం కాదు. లండన్‌లో నేర్చుకొచ్చిన పద్ధతిలో, ఇక్కడ నిలబడు, అటు నడు అని తన్వీర్ మొదట్లో ఛత్తీస్‌గఢ్ జానపద నాటకమైన నాచా కళాకారులను శాసించబోయారు. మూడు పక్కలా కూర్చున్న జనం మధ్య రాత్రంతా ఆడే పల్లె నటులు బిగుసుకుపోయారు. హిందీలో నోరు పెగల్లేదు. చివరికి ఛత్తీస్‌గఢీలోనే మాట్లాడమని, సొంతంగా కల్పించుకోమని వదిలేశారు. 1973లో రాయ్‌పూర్‌లో జరిపిన నాచా శిబిరం ఆ మార్పుకు గట్టి పునాది. మదన్‌లాల్, ఫిదాబాయి, గోవింద్‌రామ్ నిర్మల్కర్ లాంటివాళ్ల ఆటలో కనిపించే విచ్చలవిడితనం ఆ స్వేచ్ఛ ఫలితమే. రంగస్థలం మీద ఒక అరుగు, ఒక చెట్టుకొమ్మ. కోట గోడలు కట్టకపోవడం పొదుపు కోసమే అనుకోలేం. ఊరి అరుగే సభ అయినప్పుడు రాణి ఎత్తున కూర్చునే వీలుండదు.

అలాగని పెత్తనం పూర్తిగా మాయమైందనలేం. దర్శకుడు దర్శకుడే. పైగా ఈ నాటకం కట్టేనాటికి తన్వీర్ రాజ్యసభలో నామినేటెడ్ సభ్యులు! పార్టీల్లేని ప్రజాస్వామ్యం కావాలన్న మన గోరా ఈ సంగతి విని ఏమనేవారో.

అయినా పెత్తనాన్ని కాదనే ఈ తిరస్కారానికి రాయ్‌పూర్ మైదానంలో వేళ్లు పాతవి. గిరౌద్‌పురిలో పుట్టిన గురు ఘాసీదాస్ కులాల ఎచ్చుతగ్గులనూ విగ్రహారాధననూ కాదని సత్నామ్ పంథ్‌ను నిలిపారు. ఆ పంథ్‌వారైన సత్నామీలు పాడే పంథీ పాటల ఊపు నాటకం నరాల్లో ఉంది. చిత్రంగా, సత్నామీలకు అవమానమన్న అభ్యంతరంతోనే 2009లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం దీన్ని నిషేధించింది. తన్వీర్ పోయిందీ ఆ యేడే, జూన్ 8న.

ముగింపు దగ్గర అల్లిక ఇంకా బిగుస్తుంది. నాలుగు ఒట్లూ నిలబెట్టుకున్న దొంగను రాణి ఆఖరికి అడిగేది చాలా చిన్న సాయం: తాను పెళ్లికి అడిగిన సంగతి బయట చెప్పొద్దని. దాస్తే అయిదో ఒట్టు తప్పుతుంది, దాయకపోతే ప్రాణం పోతుంది. ఒట్టే నిలబడుతుంది. ఏ మాట బయటికి పొక్కకూడదని రాణి అతన్ని చంపించిందో, ఆ కథనే వంతపాటగాళ్లు వెంటనే అందుకుని మైదానమంతా వినేలా పాడతారు.