మూత వేస్తేనే ఆగుతుంది

నీళ్లు మరిగిన సంగతి ఎలక్ట్రిక్ కెటిల్‌కి తెలియదు. అది బుడగలు చూడదు, చప్పుడు వినదు. మామూలు రకాలైతే నీళ్ల వేడిని కూడా కొలవవు. లోపల దాచిన రూపాయి కాసంత బిళ్లకు వేడి ఆవిరి తగిలిందా లేదా అన్నదే దానికి తెలుసు. తగిలితే మీట టక్కున ఎగురుతుంది. తగలకపోతే మరుగుతూనే ఉంటుంది. అనుమానముంటే ఈసారి మూత తెరిచిపెట్టి, పక్కనే నిలబడి చూడండి. ఆవిరంతా పైకి పోతుంది, బిళ్లకు సెగ చాలదు, నీళ్లు తెర్లుతూనే ఉంటాయి.

మా వీధిలో నేను మొదట చూసిన కెటిల్ కువైట్ పెట్టెలోంచి దిగింది. రాజంపేట, రాయచోటి, కోడూరు వైపు ఈ మాటకు వివరణ అక్కర్లేదు. కువైట్‌లో మనిషి లేని వీధి మా పక్క వెతకాల్సిందే. అక్కడ ఏళ్ల తరబడి ఇంటిపని చేసి, దివానియా అనే కబుర్ల గదిలో కూర్చునే మగవాళ్లకు చాయ్ మీద చాయ్ అందించి వచ్చిన ఒక అక్క, ఆడవాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని దాని వాడకం చెప్పింది. "నీళ్లు పొయ్యండి, మూత ఎయ్యండి, మీట నొక్కండి. ఇంగ మీ పని మీరు సూసుకోండి, అదే ఆగుతాది." పాలు పొంగుతాయేమోనని పొయ్యి దగ్గరే కాపలా కాసినవాళ్లకు ఆ చివరి మాటే నచ్చింది. అసలు కిటుకు మాత్రం రెండో మాటలో ఉంది. ఆ మూతే ఆవిరికి బయటి దారి మూసి, పిడి పక్కన ఉన్న సన్నని సందులోంచి బిళ్ల మీదికి తోలుతుంది.

ఆ బిళ్ల రెండు లోహాల జత. వేడికి బాగా సాగే లోహాన్నీ, దాదాపు సాగని లోహాన్నీ రేకులుగా అతికించి చేస్తారు. ఒక వైపు సాగుతుంటే రెండో వైపు సాగనంటుంది, రేకు వంగక తప్పదు. సాగని వైపు సాధారణంగా ఇనుము, నికెల్ కలిసిన మిశ్రమం ఉంటుంది. ఆ జాతి మిశ్రమాల మీద చేసిన పనికే షార్ల్ ఎడువార్ గియోమ్‌కి 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ దక్కింది.

మెల్లగా వంగే రేకు స్విచ్‌కి పనికిరాదు. కరెంటు కలిసే మొనలు నిదానంగా విడిపోతే నడుమ రవ్వలు లేచి అవి కాలిపోతాయి. అందుకని బిళ్లను ముందే కాస్త గుంటగా వత్తి పెడతారు. వేడి పెరిగేకొద్దీ అది ఓర్చుకుంటూ వచ్చి, హద్దు దాటగానే డొక్కుపడిన డబ్బా మూత నొక్కితే తిరగబడినట్టు ఒక్క దెబ్బన అవతలికి తిరుగుతుంది. ఆ ఊపే మీటను తన్నుతుంది. ఇందులో చిప్ లేదు, బ్యాటరీ లేదు. ఆ లోహాల స్వభావమే దాని తెలివి.

ఆవిరిని నమ్ముకోవడం దేనికి, నీళ్లు నూరు డిగ్రీలకు రాగానే ఆపేస్తే సరిపోదా అని అడగొచ్చు. సరిపోదు. మదనపల్లె దగ్గర హార్స్లీ హిల్స్ ఎత్తు సుమారు 1,265 మీటర్లు. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అక్కడ నీళ్లు 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, ఎంత మంట పెట్టినా మూత తెరిచిన గిన్నెలో అంతకు మించవు. నూరు కోసం కాచుకునే కెటిల్‌ను ఆ కొండ మీద పెడితే, నీళ్లన్నీ ఇగిరిపోయేదాకా కాచుకునే ఉంటుంది. ఆవిరి బిళ్లకు ఆ చిక్కు లేదు. అది నూరు కంటే బాగా తక్కువ వేడికే తిరగబడేలా చేసి ఉంటుంది. కానీ నీళ్లు నిజంగా తెర్లితే తప్ప అంత ఆవిరి దాని దాకా రాదు. అందుకే రాజంపేటలోనూ, కొండ మీదా ఒకేలా పని చేస్తుంది.

ఈ రెండు లోహాల రేకు వంటింటి కోసం పుట్టింది కాదు. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో జాన్ హారిసన్ అనే వడ్రంగి, నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో లెక్కగట్టడానికి వీలయ్యే గడియారం కోసం జీవితమంతా కష్టపడ్డాడు. ఎండకూ చలికీ గడియారం తప్పకూడదని తన మూడో సముద్ర గడియారంలో ఈ రేకు పెట్టాడు. 1955లో రస్సెల్ హాబ్స్ కంపెనీ తన కె1 కెటిల్‌లో ఆవిరిని అలాంటి రేకు మీదికి మళ్లించింది. ఆ తరవాత జాన్ టేలర్ అనే ఇంజనీరు ఈ కంట్రోళ్లకు పదును పెట్టి, ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని స్ట్రిక్స్ కంపెనీ నుంచి ప్రపంచమంతా పంపాడు. అదే టేలర్ 2008లో కేంబ్రిడ్జిలోని కార్పస్ క్రిస్టీ కాలేజీకి ఒక పెద్ద గడియారం చేయించి ఇచ్చాడు. దాని నెత్తిన ఒక రాకాసి మిడత కూర్చుని క్షణాల్ని నములుతుంటుంది. మిడత కాళ్లలా కదిలే గడియార భాగాన్ని కనిపెట్టిన హారిసన్‌కి అది దండం.

మన ఇళ్లలో కెటిల్ పక్కనే ఉండే రైస్ కుక్కర్‌ది తిరుగు లెక్క. గిన్నెలో నీళ్లున్నంతసేపూ అడుగు వేడి నూరుకు పెద్దగా మించదు. నీళ్లు ఇగిరిపోగానే వేడి పైకి పోతుంది, అడుగున ఉన్న అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, మీట పడిపోతుంది. కెటిల్ ఆవిరి రాకను చూసి ఆగుతుంది, కుక్కర్ నీళ్లు పోవడాన్ని చూసి ఆగుతుంది. రెంటికీ ‘ఆటోమేటిక్’ అనే రాసి అమ్ముతారు.

1,500 వాట్ల కెటిల్‌లో లీటరు నీళ్లు మరగడానికి నాలుగు నిమిషాలు చాలు. మూత తెరిచి మరిచిపోతే, మరిగినప్పటి నుంచి నిమిషానికి సుమారు 40 గ్రాముల నీళ్లు ఆవిరైపోతాయి. అంటే లీటరంతా పోవడానికి 25 నిమిషాలు. ఫోనులో కువైట్ నుంచి మనిషి పలికితే అదేం పెద్ద సేపు కాదు. ఆ తరవాత కాపాడేది రెండో కాపలా. కాయిల్ ఉన్న అడుగు రేకుకు ఆనించి ఇలాంటి బిళ్లలే పెడతారు, అవి ఇంకా ఎక్కువ వేడికి తిరగబడేవి. నీళ్లు లేక అడుగు కాలడం మొదలవగానే కరెంటు తెంపేస్తాయి. రోజూ పని చేసేది మొదటి బిళ్ల, గండం నాటికి ఆదుకునేది ఈ రెండోది. దీన్ని రోజూ వాడుకోకూడదు.

ఈ రెండో కాపలాను పొరబడేలా చేసే గుణం మన నీళ్లలోనే ఉంది. ఊరూరా ఇళ్లలో పరిచే కడప బండ సున్నపురాయే. సున్నం, మెగ్నీషియం కరిగిన బోరు నీళ్లను కాస్తే, కరిగినది విడిపోయి కెటిల్ అడుగున తెల్లని పెచ్చుగా కూర్చుంటుంది. మన బండే నీళ్లలో కరిగి వచ్చి మళ్లీ బండ అవుతుందన్నమాట. పెచ్చు మందమైతే వేడి నీళ్లకు ఎక్కదు, అడుగు రేకులోనే నిలుస్తుంది. అప్పుడు రెండో కాపలా పొరబడి, నీళ్లు మరగకముందే ఆపేస్తుంది. కెటిల్ చెడిపోయిందని పారేసేవాళ్లు ముందు ఒక చెంచా నిమ్మ ఉప్పు వేసి నీళ్లు కాచి, కాసేపు నాననిచ్చి చూడాలి. పెచ్చు నురగ కక్కుతూ కరిగిపోతుంది.

బజారులో రిపేరు చేసే అన్న దగ్గరికి కెటిల్ తీసుకుపోతే, విప్పకముందే అడిగే ప్రశ్న వేరే. "దీంట్లో పాలు కాంచినారాక్కా?" కాంచలేదని అన్నా అతను నమ్మడు, పిడి దగ్గరి సందులో గోరు పెట్టి గీకి వాసన చూస్తాడు. పాల నురగ ఆ సందులోకి ఎక్కి ఎండితే ఆవిరి దారి పూడిపోతుంది. అడుగంటిన పాలు కాయిల్ మీద పెచ్చు చేసే పనే చేస్తాయి. హాస్టలు గదుల్లో మ్యాగీ, గుడ్లు ఉడికించిన కెటిళ్లు కూడా అతని దగ్గరికే వస్తాయి. నీళ్ల కోసం చేసిన కాపలాను మనం వేరే పనికి పెడుతున్నాం.

ఒక చోట మాత్రం ఈ కాపలా ఏమీ చెయ్యలేదు. కువైట్ కెటిల్‌కి చదరపు మొనల ప్లగ్గు ఉంటుంది, అందులోనే 13 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. ఇక్కడ దాన్ని ఒక కన్వర్టర్ పిన్నుకు తగిలించి, ఫోను ఛార్జింగు పెట్టే 6 ఆంపియర్ల సాకెట్టులో గుచ్చుతారు. 2,200 వాట్ల కెటిల్ తొమ్మిదిన్నర ఆంపియర్లు లాగుతుంది. సాకెట్టు కాగిపోయి నల్లబడుతుంటే లోపలి బిళ్లకు ఆ కబురు అందదు. అది ఆవిరి కోసమే చూస్తుంటుంది. ఫ్యూజు కూడా 13 దాటితే గానీ పోదు. ఇలాంటి కెటిల్‌కు 16 ఆంపియర్ల సాకెట్టు తప్పదు.

యంత్రం కొనేటప్పుడు మనం ఎంత త్వరగా పని చేస్తుంది, ఎంత కరెంటు తాగుతుంది అని అడుగుతాం. దేన్ని చూసి ఆగుతుంది అని అడిగేవాళ్లు తక్కువ. మా వైపు తోటల్లో ఈ ప్రశ్న అడగకపోవడం వల్ల పోయిన సొమ్ముకు లెక్కలేదు. రాత్రీపగలూ కరెంటు కోసం కాచుకోలేక రైతు బోరు మోటారుకు ఆటో స్టార్టర్ పెట్టుకుంటాడు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరుగుతుంది. బోరులో నీళ్లు అడుగంటిన సంగతి ఆ డబ్బాకు తెలియదు. నీళ్లే చల్లబరచాల్సిన మోటారు నీళ్లు లేక తిరిగి కాలిపోతుంది, పైకి లాగి వైండింగు చేయించాలి. నీళ్లు తగ్గితే మోటారు లాగే కరెంటు కూడా తగ్గుతుంది. దాన్ని పసిగట్టి ఆపే డ్రై రన్ రిలేలు దొరుకుతాయి. అరటికీ బొప్పాయికీ నీళ్లు పెట్టే రైతు ఆ ఖర్చుకు వెనకాడతాడు. కెటిల్‌లో మాత్రం అలాంటి రక్షణ అడగకుండానే ధరలో కలిసి వచ్చేసింది.

ఆగే యంత్రం మన కాపలాను పూర్తిగా తీసెయ్యలేదు, వేళ మార్చింది. మరిగే నాలుగు నిమిషాలూ నిలబడక్కర్లేదు గానీ, నెలకోసారి పెచ్చు కడగాలి, ఆవిరి సందు చూడాలి, సాకెట్టు చేత్తో తాకి వేడి చూడాలి. ఇది కొత్తగా కెటిల్ కొన్న ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు నేర్చుకోవాల్సిన పని. కువైట్ అక్క పాఠానికి ఈ ఐదో మాట కలిపితే చాలు.