ఆంగ్ల పరిశోధనపత్రం - సమర్పణకు ముందు పరిష్కరణ: ఉయ్యూరు వీరమ్మ తిరునాళ్లు ఆధారంగా విమర్శనాత్మక పరిశీలన

సారాంశం: తెలుగు విషయాలపై ఆంగ్లంలో రాసిన పరిశోధనపత్రాన్ని పత్రికకు పంపే ముందు భాషాసవరణ చేయించడం ఇప్పుడు సాధారణమైంది. ఈ సవరణ వాక్యాన్ని నునుపు చేసే క్రమంలో మూలంలోని సాక్ష్యస్వభావాన్ని, పారిభాషికపదాల అర్థాన్ని, స్థలనామాల చరిత్రను ఎలా మార్చగలదో కృష్ణా జిల్లా ఉయ్యూరులోని వీరమ్మ తిరునాళ్లను ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆంగ్లపత్రం, పరిష్కరణ, లిప్యంతరీకరణ, పేరంటాలు, సిడి, ఉయ్యూరు, బ్రౌన్.

1. ఉపోద్ఘాతం

విశ్వవిద్యాలయాల్లోనూ డిగ్రీ కళాశాలల్లోనూ తెలుగు బోధించే అధ్యాపకులు ఆంగ్లంలో పత్రాలు రాయవలసిన అవసరం పెరిగింది. జానపదవిజ్ఞానం, నృత్యం, స్థానికచరిత్ర వంటి రంగాల్లో తెలుగేతర పాఠకుల వద్దకు చేరాలంటే మరో మార్గం తక్కువ. పదోన్నతుల ఒత్తిడి ఎలాగూ ఉంది. పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథం సమర్పించే ముందు పత్రం ప్రచురించి తీరాలన్న నిబంధనను విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో తొలగించినా, 2025లో కేర్ జాబితాను ఉపసంహరించినా ఆ ఒత్తిడి తగ్గలేదు.

పత్రం సిద్ధమయ్యాక పంపే ముందు జరిగే పనిని వాడుకలో "ఇంగ్లీషు దిద్దించడం" అంటారు. దిద్దవలసింది ఇంగ్లీషు మాత్రమేనన్న భావన ఆ మాటలోనే ఉంది. ఆంగ్లశాఖ మిత్రుడికో, రుసుము తీసుకొనే సవరణసంస్థకో, గ్రామర్లీ, చాట్‌జీపీటీ వంటి ఉపకరణానికో రాతప్రతిని అప్పగిస్తారు. ఉపపదాలు, విభక్త్యర్థకాలు, కాలసూచన సర్దుకొని ప్రతి తిరిగి వస్తుంది. వాక్యం తడబడుతున్నంతకాలం సమీక్షకుడు ఆగి, ఇక్కడ ఏదో తేడా ఉందని ప్రశ్నిస్తాడు. నునుపైన వాక్యం దగ్గర ఎవరూ ఆగరు. తప్పు అర్థం సరైన వ్యాకరణంలోకి చేరిన తరువాత దాన్ని పట్టుకోగలవారు తెలుగు మూలం తెలిసినవారు మాత్రమే.

2. "అట" పోయిన చోట

ఉయ్యూరులో మాఘమాసంలో జరిగే వీరమ్మ తిరునాళ్లు దిగువ కృష్ణా డెల్టాలో పేరుపొందిన జాతర. ఈ జాతరపై ఒక ఆంగ్లపత్రం తయారవుతోందని భావించవచ్చు. క్షేత్రపర్యటనలో సేకరించే కథనం సహజంగా ఈ తీరున సాగుతుంది: భర్త చనిపోయాడట, ఆమె కూడా ఆయనతోపాటే వెళ్లిపోయిందట, ఆ తరువాత ఊరివాళ్లు గుడి కట్టించారట. మూడు వాక్యాలకూ చివర "అట" ఉంది. ఇది ఊతపదం కాదు. చెబుతున్న సంగతికి తాను ప్రత్యక్షసాక్షిని కానని, విన్నదాన్ని చేరవేస్తున్నానని వక్త ప్రతి వాక్యానికీ విడిగా చేసే ప్రకటన అది. తెలుగు వ్యాకరణం ఆ బాధ్యతను ఒక్క అక్షరద్వయంలో ఇమిడ్చింది. ఆంగ్లంలో దానికి సమానమైన ప్రత్యయం లేదు. "ఇట్ ఈజ్ సెడ్", "రిపోర్టెడ్లీ" వంటి మాటలను ప్రతిసారీ చేర్చుకోవాలి.

రాతప్రతిలో పరిశోధకుడు వాటిని చేరుస్తాడు. ఒకే పేరాలో నాలుగుసార్లు కనిపించిన ఆ మాటలను భాషాసవరణ చేసేవారు పునరుక్తిగా చూస్తారు. మొదటిది ఉంచి తక్కినవి తొలగిస్తారు. ఆంగ్లశైలి దృష్ట్యా అది సరైన సవరణే. ఫలితంగా రెండో వాక్యం నుంచి జనశ్రుతి చరిత్రగా మారుతుంది. విన్నది జరిగినదవుతుంది.

"అంటారు" అనే క్రియ మరోవిధంగా ఇబ్బంది పెడుతుంది. గౌరవార్థక ఏకవచనానికీ సాధారణ బహువచనానికీ తెలుగులో రూపం ఒక్కటే. కర్తను చెప్పకపోయినా వాక్యం నిలుస్తుంది. ఆంగ్లం కర్తను అడుగుతుంది. "వీరమ్మను పేరంటాలుగా కొలుస్తారని అంటారు" అన్న వాక్యానికి కర్తను వెతికే సవరణకర్త విద్యావ్యాసాల అలవాటు ప్రకారం "స్కాలర్స్ ఆర్గ్యూ" అని చేర్చే అవకాశం ఎక్కువ. గుడి అరుగు మీద కూర్చున్న ముసలమ్మ చెప్పిన మాట విద్వాంసుల వాదంగా నమోదవుతుంది. ఆ విద్వాంసులెవరని ఏ సమీక్షకుడైనా అడిగితే మంచిదే. అడగకపోతే పత్రం అచ్చయి, తరువాతి పరిశోధకులు దాన్ని ఆధారంగా చూపుతారు.

వీరమ్మ విషయంలో ఈ తేడా శైలికి మాత్రమే సంబంధించింది కాదు. స్థానిక కథనం ఆమెను సహగమనం చేసిన స్త్రీగా చెబుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో సహగమన నిషేధం 1830లో వచ్చింది. 1987 నాటి కేంద్రచట్టం సతిని కీర్తించడాన్ని కూడా నేరంగా ప్రకటించింది. "చితి ఎక్కిందట" అన్న మాట "అట" కోల్పోయి ఆంగ్లంలోకి వెళితే అది ఒక సహగమనాన్ని చారిత్రకసంఘటనగా ధ్రువీకరించే వాక్యం అవుతుంది. క్రియను ఎంచుకోవడంలోనూ అంతే మెలకువ అవసరం. "వెళ్లిపోయింది", "అగ్నిలో దూకింది", "పేరంటాలైంది" అనే మూడు మాటలు ఆమె ఇష్టాయిష్టాల గురించి మూడు వేర్వేరు సంగతులు సూచిస్తాయి, లేదా సూచించకుండా వదిలేస్తాయి. వీటన్నిటినీ "సాక్రిఫైస్" అనే ఒక్క నామవాచకంగా కుదించే సవరణ వాక్యపు పొడవును తగ్గిస్తుంది. ఒక స్త్రీ మరణంపై పరిశోధకుడు చేయని తీర్పును కూడా అది ఆయన నోట పలికిస్తుంది.

3. పేరంటాలు, సిడి

"పేరంటాలు" అనే మాటకు ఇంటింటా తెలిసిన అర్థం పసుపుకుంకుమలకు పిలిస్తే వచ్చిన ముత్తైదువ. దేవతార్థంలో సహగమనం చేసి లేదా సుమంగళిగా మరణించి పూజలందుకొనే స్త్రీ. ఈ రెండు అర్థాలనూ కలిపే సూత్రం సుమంగళిత్వం. నిఘంటువులోని మొదటి అర్థాన్ని పట్టుకొంటే అతిథి అవుతుంది. "గాడెస్" అంటే గ్రామదేవతల మధ్య ఆమె ప్రత్యేకత మాసిపోతుంది. "విడో" అంటే భావనే తలకిందులవుతుంది, ఎందుకంటే పేరంటాలు విధవ కాకపోవడమే ఆ ఆరాధనకు మూలం. ఇటువంటి పదాన్ని అనువదించకుండా లిప్యంతరీకరించి, మొదటిసారి వచ్చినచోట రెండు వాక్యాల వివరణ ఇవ్వడం మేలు.

ఈ పద్ధతి అసాధ్యమేమీ కాదు. ఉయ్యూరుకు దగ్గరలోని కూచిపూడిపై హర్షిత మృథింటి కామత్ 2019లో ప్రచురించిన ఆంగ్లగ్రంథం "ఇంపర్సొనేషన్స్"లో "స్త్రీవేషం" అనే మాట అలాగే ఉంటుంది. దానికి ఇచ్చిన ఆంగ్లవివరణ ఆ మాటకు తోడుగా నిలుస్తుందే తప్ప దాని స్థానాన్ని ఆక్రమించదు. తెలుగు మాటను నిలబెట్టినంతమాత్రాన ఆంగ్లపత్రం పఠనీయత తగ్గదనడానికి ఇది చాలు.

సిడి సంగతి ఇంకా చిక్కైనది. వీరమ్మ తిరునాళ్లలో శిడిబండి ఒక ముఖ్యఘట్టం. వలసపాలనకాలపు ఆంగ్లరచనల్లో సిడికి స్థిరపడిన మాట "హుక్ స్వింగింగ్". ఎడ్గార్ థర్‌స్టన్ 1906లో ప్రచురించిన జాతివర్ణనల గ్రంథంలోనూ ఆ మాటే ఉంది. వీపులో కొక్కెం గుచ్చి మనిషిని దూలానికి వేలాడదీసే ఆచారానికి అది పేరు. ఉయ్యూరు శిడిబండిలో మనిషి కూర్చునేది బుట్టలో. శరీరానికి కొక్కెం తగలదు. ఆంగ్లంలో సాహిత్యమున్న పదం ఏదని వెతికే సవరణకర్తకు, ఉపకరణానికి ముందుగా దొరికేది "హుక్ స్వింగింగ్" మాత్రమే. పత్రంలో అది చేరితే, మారిన ఆచారం మారనట్లే అంతర్జాతీయ పాఠకుడికి అందుతుంది. తెలుగు పేరు పాతదే మిగిలి ఆచారరూపం మారడమే ఇక్కడ పరిశోధనాంశం కావలసింది. సవరణ ఆ అంశాన్నే తుడిచివేస్తుంది.

"తిరునాళ్లు" అనే మాట దగ్గర కూడా కొంచెం ఆగాలి. అది బహువచనరూపం. డెల్టా వాడుకలో "తిరునాళ్ల" అని ఔపవిభక్తికరూపమే ప్రథమలా వినిపిస్తుంది. ఆంగ్లంలో ఏ రూపం రాయాలో, క్రియను ఏకవచనంలో ఉంచాలో బహువచనంలో ఉంచాలో ముందే నిర్ణయించుకోకపోతే ఒకే పత్రంలో మూడు తిరునాళ్లు జరుగుతాయి.

4. స్థలనామాలు, జిల్లాలు

ఊరిపేరు తెలుగులో "ఉయ్యూరు". ఆంగ్లంలో మాత్రం వి అక్షరంతో మొదలవుతుంది. అక్కడి చక్కెర కర్మాగారం, సిద్ధార్థ కళాశాల వి అక్షరంతోనే నమోదై ఉన్నాయి. ఇది అక్షరదోషం కాదు. పదాదిలోని ఉ, ఒ అచ్చులకు ముందు వకారం పలకడం తెలుగు ఉచ్చారణలో ఉన్నదే. వుప్పు, వొక అన్నట్లే వుయ్యూరు. తెలుగు రాత వ్యాకరణాన్ని అనుసరించి వకారాన్ని వదిలితే, ఆంగ్లవర్ణక్రమం ఊరివాళ్ల నోటిని నిలబెట్టుకొంది. లిప్యంతరీకరణలో ఏకరూపత కోరే సవరణకర్త వి అక్షరాన్ని కొట్టివేస్తే గ్రంథాలయసూచీల్లోనూ అంతర్జాల అన్వేషణలోనూ ఆ పత్రం అదే ఊరిపై వచ్చిన తక్కిన రచనల నుంచి విడిపోతుంది. ప్రధానపాఠంలో అధికారిక ఆంగ్లరూపాన్ని వాడి, మొదటి ప్రస్తావనలో మాత్రం చిహ్నాలతో కూడిన శాస్త్రీయరూపాన్ని ఇవ్వడం అనుసరణీయం.

శాస్త్రీయరూపంలో సంస్కృతానికి వాడే పద్ధతిని యథాతథంగా తీసుకోవడం తరచు కనిపించే లోపం. సంస్కృతంలో హ్రస్వ ఎకార ఒకారాలు లేవు కాబట్టి ఆ పద్ధతిలో వాటికి విడి చిహ్నాలు లేవు. తెలుగులో మెడ వేరు, మేడ వేరు. 2001లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 15919 ప్రమాణం ఈ తేడాను పాటిస్తుంది. పాత ఫాంట్లలో పెట్టిన చిహ్నాలు పత్రిక సాంకేతికవ్యవస్థలోకి వెళ్లాక ప్రశ్నార్థకాలుగా మారడం మరో బాధ. యూనికోడ్ వాడటం తప్ప దానికి విరుగుడు లేదు.

జిల్లాపేర్ల విషయంలో సవరణ అక్షరాలతో ఆగదు. పాత ఆంగ్లపత్రాల్లోని "కిస్ట్నా"ను "కృష్ణా"గా దిద్దడం నిరపాయంగానే కనిపిస్తుంది. కాని గోర్డన్ మెకెంజీ జిల్లా మాన్యువల్ ప్రచురించిన 1883లో కిస్ట్నా జిల్లా అంటే 1859లో గుంటూరును కలుపుకొన్న జిల్లా. 1904లో గుంటూరు విడిపోయింది, ఏలూరు ప్రాంతం వచ్చి చేరింది. 1925లో ఆ ప్రాంతం పశ్చిమగోదావరిగా వెళ్లిపోయింది. 2022లో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి పోగా, మచిలీపట్నం కేంద్రంగా మిగిలిన కృష్ణా జిల్లాలో ఉయ్యూరు ఉంది. 1883 నాటి జనసంఖ్యను నేటి జిల్లాపేరు పక్కన పెట్టిన వాక్యంలో వ్యాకరణదోషం ఒక్కటీ ఉండదు. ఎస్టేటు రికార్డుల్లో ఫసలీ సంవత్సరం కనిపిస్తే 590 కలిపి, అది జులైలో మొదలై రెండు క్రీస్తు సంవత్సరాల మీదుగా సాగుతుందని గుర్తుంచుకోవడం కూడా పరిష్కరణలో భాగమే.

5. బ్రౌన్ బల్ల దగ్గర

ఆంగ్లంలో తెలుగు గురించి రాసిన తొలితరంలో ముఖ్యుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. కంపెనీ కొలువులో 1820లలో మచిలీపట్నంలోనూ పనిచేశాడు. ఆయన పద్ధతి తెలిసిందే. ఒకే కావ్యానికి అనేక ప్రతులు సేకరించడం, సొంతఖర్చుతో నియమించుకొన్న పండితులచేత పాఠాంతరాలు పోల్పించడం, శుద్ధప్రతి రాయించడం. జూలూరి అప్పయ్య మనుచరిత్రకు రాసిన వ్యాఖ్య ఈ కృషిలో భాగంగానే వచ్చింది. 1852 నాటి తెలుగు-ఆంగ్ల నిఘంటువును అర్ధశతాబ్దం తరువాత 1903లో సవరించినప్పుడు వెంకటరత్నం, క్యాంప్‌బెల్‌లతో పాటు కందుకూరి వీరేశలింగం పాల్గొన్నారు.

ఆంగ్లం మాతృభాషగా గల రచయిత తన ప్రతిని తెలుగు తెలిసినవారి ముందు పెట్టాడు. నేటి పరిశోధకుడు తెలుగు మాతృభాషగా గలవాడు కాబట్టి ఆంగ్లం తెలిసినవారి ముందు పెడుతున్నాడు. అందులో తప్పు లేదు. అయితే బ్రౌన్ బల్ల దగ్గర ఇద్దరు ఉండేవారు, ఇప్పుడు ఒక్కరే మిగిలారు. తెలుగు వైపు నుంచి సరిచూసే రెండో వ్యక్తి తానేనని పరిశోధకుడు అనుకొంటాడు, కాని సవరణ ముగిశాక ప్రతిని మూలంతో మళ్లీ పోల్చే ఓపిక అతనికి సాధారణంగా ఉండదు. బ్రౌన్ పట్ల భక్తి ప్రకటించే వ్యాసాలకు తెలుగులో కొదవ లేదు. ఆయన పనితీరును అనుసరించిన పత్రాలు అన్ని కనిపించవు.

6. యంత్రం చూడగలిగినది

గ్రంథచౌర్యంపై నిధుల సంఘం 2018లో చేసిన నిబంధనలు పదిశాతం వరకు సాదృశ్యాన్ని శిక్షార్హం కాదన్నాయి. వరుసగా పద్నాలుగు పదాల వరకు వచ్చే సామాన్యవిషయాలను లెక్క నుంచి మినహాయించాయి. ఆ లెక్కకు లోబడటానికి మాటలు మార్చడమే పరిష్కరణ అనుకొనే ధోరణి బలపడింది. తెలుగు సిద్ధాంతగ్రంథంలోని పేజీలను ఆంగ్లంలోకి అనువదించి సొంతరచనగా పెడితే యంత్రం సున్నా చూపే అవకాశమే ఎక్కువ. అంకె శుభ్రంగా ఉన్నా అది చౌర్యమే. సంభాషణా ఉపకరణాలు లేని గ్రంథాలను ఉన్నట్లు ఉదహరించడం మరొకటి. అవి రచయితలుగా ఉండజాలవని ప్రచురణనీతి సంస్థ కోప్ 2023లోనే స్పష్టం చేసింది. బాధ్యత మనిషిదే కాబట్టి ఉదహరించిన ప్రతి పుటనూ తెరిచి చూడవలసినదీ మనిషే.

సవరించిన ప్రతి తిరిగి వచ్చాక మార్పులను గుర్తులతో సహా చూడాలి. అన్నిటినీ ఒకేసారి ఆమోదించే మీట నొక్కితే ఇంతకుముందు చెప్పిన నష్టాలన్నీ కనబడకుండానే జరిగిపోతాయి. ప్రతి పేరానూ నోటితో తెలుగులోకి తిరిగి చెప్పుకొని, సేకరించిన కథనంతో పోల్చాలి. వీలైతే జాతర తెలిసిన ఉయ్యూరు వ్యక్తికే ఆ తెలుగు వినిపించాలి. ఆంగ్లం రాని మనిషి కూడా ఆంగ్లపత్రాన్ని సరిచూడగల ఏకైక పద్ధతి ఇది. క్షేత్రపుస్తకంలో "అట" ఎన్నిసార్లు వచ్చిందో, తుదిప్రతిలో దానికి సమానమైన మాట ఎన్నిచోట్ల మిగిలిందో లెక్కపెట్టడానికి ఒక పూట సరిపోతుంది. అచ్చుకు ముందు పత్రికలు పంపే ప్రూఫులకు గడువు సాధారణంగా రెండు మూడు రోజులే ఉంటుంది కాబట్టి, ఆ లెక్క అప్పటికే చేతిలో ఉండాలి.