బాబిన్ కేసుకు దండం

ముందు నీకే దండం, బాబిన్ కేసూ. గుప్పిట మూస్తే కనపడనంత చిన్నదానివి. మిషన్ అడుగున, ఇనుప పలక కింద, నూనె వాసనలో ఉంటావు. పైదారానికి ఎన్ని మలుపులో, ఎన్ని కొక్కేలో! కిందిదారానికి నువ్వొక్కదానివే దిక్కు. నీ పక్కన అంటుకున్న సన్నని ఉక్కురేకుకు దండం. ఆ రేకును పట్టి ఉంచే నువ్వుగింజంత స్క్రూకు దండం. అది కాస్త ఎక్కువ బిగిస్తే పల్చటి గుడ్డ ముడుచుకుపోతుంది, వదులైతే కిందిదారం పైకి తేలుతుంది. జాకెట్టు మెడ చుట్టూ కుట్టు తీరుగా కూర్చుందంటే ఆ రేకు చలవే.

నీ కొలతకు దండం. స్కాట్లండ్‌లో క్లైడ్‌బ్యాంక్ అనే ఊళ్లో సింగర్ ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ పోతపోసిన 15కే రకం మిషన్లు ఓడలెక్కి దేశదేశాలకు వెళ్లాయి, మన ఇళ్లకూ వచ్చాయి. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. అక్కడి రైల్వే స్టేషన్ పేరు మాత్రం ఇప్పటికీ సింగరే. ఫ్యాక్టరీ పోయినా ఆ మిషన్ల కొలత, 15వ క్లాసు అనేది, పోలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ కంపెనీలు ఆ నమూనానే అందుకున్నాయి. మన ఉషా అదే బాటలో నడిచింది. లూధియానా కార్ఖానాల్లో నేటికీ ఆ కొలతకు విడిభాగాలు తయారవుతున్నాయి. అందుకే ముత్తవ్వ కుట్టిన మిషన్‌లో నిన్నమొన్న చేసిన బాబిన్ కేసు టక్కున కూర్చుంటుంది. ఆ టక్కుమనే చప్పుడంటే నాకు ప్రాణం. ఒక పక్క చదునుగా ఉండే సూది కొలతా అలాగే నిలిచింది. పాత 15కే వాడే సూదినే కొత్త ఇంటి మిషన్లూ చాలావరకు వాడతాయి.

స్క్రూలారా, మీరు అంత తేలిగ్గా దొరికేవాళ్లు కారు. సింగర్ మీకు తన సొంత మరచుట్లు పెట్టుకుంది, అంగుళాన్ని 64 వంతులు చేసి కొలిచిన లావులతో. హార్డ్‌వేర్ షాపులో కొన్న స్క్రూ చూడటానికి మీలాగే ఉంటుంది, రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. బలవంతం చేస్తే లోపలి చుట్లు చెడతాయి, ఆ గాయం మానదు. అందుకే పాదాన్ని పట్టే స్క్రూ, సూదిని పట్టే స్క్రూ, పలక స్క్రూలు విప్పినప్పుడు గిన్నెలో వేసుకోవాలి, నేల మీద పెట్టకూడదు.

రిపేరు తాతల పాత రేకు డబ్బాలకు దండం. వాటిలో ఏముందో వాళ్ల వేళ్లకే తెలుసు. “పాతది తెచ్చావామ్మా?” అన్నదే వాళ్ల మొదటి మాట. నోటితో చెప్పిన గుర్తును వాళ్లు నమ్మరు, అరిగిన ముక్కను పక్కన పెట్టి చూస్తారు. ఆ అలవాటు అందరూ నేర్చుకోదగ్గది. ఆ డబ్బాల వెనక ఎంతమంది తల్లులు! పుట్టింటి నుంచి వచ్చిన మిషన్ మీద ఊరి జాకెట్లన్నీ కుట్టి పిల్లల్ని చదివించినవాళ్లు. యంత్రాల మీద అంత అనుమానమున్న గాంధీజీ కూడా 1924లో సింగర్ మిషన్‌ను మాత్రం ఆ అనుమానం నుంచి మినహాయించారు.

తూటా ఆకారపు షటిలా, నీకు దిగులుతో దండం. సింగర్ 27, 28, 127, 128 రకాల మిషన్లలో సన్నని పొడుగు బాబిన్‌ను కడుపులో పెట్టుకుని ముందుకూ వెనక్కూ ఊగేదానివి. ఆ కొలతను పెద్దగా ఎవరూ కొనసాగించలేదు. పొడుగు బాబిన్లు కొత్తవి చేస్తున్నారు గానీ, షటిల్ మాత్రం పాతదే మేలంటాను. కొనేముందు దాని కొనను గోటితో తడిమి చూడాలి. గరుకు తగిలితే దారం తెగుతుంది.

దాచడానికీ ఒక పద్ధతుంది. బాబిన్ చుట్టే రబ్బరు రింగును ఏళ్లతరబడి దాచి లాభం లేదు, డబ్బాలో ఉన్నా గట్టిపడి పగులుతుంది. ఉక్కుముక్కలకు ఆ బాధ లేదు. తడి తుడిచి, మిషన్ నూనె పల్చగా రాసి, నూనె గుడ్డలో చుట్టి, ఏ మిషన్‌దో చీటీ రాసి పెడితే మనవరాలి కాలానికీ పనికొస్తాయి. చీటీ లేని ముక్క ఎంత మంచిదైనా ఎవరికీ అక్కరకు రాదు.

పాత ఇనుప సామాను బండి గుమ్మం ముందు ఆగి, మూల పడిన మిషన్‌ను అడిగితే, ఒక్క గంట ఆగమనండి. షటిల్, బాబిన్ కేసు, సూది కింది పలక, పాదం, గుడ్డను జరిపే పళ్లు, దారం బిగించే స్ప్రింగు విప్పి తీయండి. ప్రతి స్క్రూనూ దాని ముక్కతోనే ఉంచండి. మీకు అక్కర్లేకపోతే దగ్గర్లోని మెకానిక్ చేతిలో పెట్టండి. శ్రావణమాసం జాకెట్ల గిరాకీ మొదలయ్యేలోపు అవి ఎవరికో ఒకరికి కావాలి.