సచార్ నివేదికలో మరుగున పడిన సూచన
(కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల దృష్టితో ఒక పరిశీలన)

ప్రభుత్వ సంఘాల నివేదికలను మన సమాజం సాధారణంగా రెండు విధాలుగా వాడుకుంటుంది. సభలలో మన దుస్థితిని చెప్పుకోవడానికి అందులోని అంకెలు పనికివస్తాయి. ఎన్నికల కాలంలో కోరికల పట్టిక తయారు చేసుకోవడానికి సిఫారసులు పనికివస్తాయి. నివేదికను నివేదికగా చదివి, ఇందులో ఏది సబబు, ఏది లోపం అని విచారించే అలవాటు మాత్రం తక్కువ. జస్టిస్ రాజిందర్ సచార్ అధ్యక్షతన 2005 మార్చిలో ఏర్పడిన సంఘం నివేదిక 2006 నవంబరు 30న పార్లమెంటు ముందుకు వచ్చింది. దానికి కూడా ఇదే గతి పట్టింది. అందులో విశ్వవిద్యాలయ ప్రవేశాలను గురించిన ఒక సూచన ఉంది. నా అభిప్రాయంలో నివేదిక మొత్తంలో అంతకంటే విలువైనది లేదు. అంతగా మరుగున పడినదీ లేదు. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పరిస్థితిని ముందుంచుకొని దాని గుణదోషాలను విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ముందుగా నివేదిక కనుగొన్న విషయాలను జ్ఞాపకం చేసుకుందాం. ఇరవై ఏళ్ళు, ఆపై వయస్సు గల ముస్లింలలో పట్టభద్రులు, డిప్లొమా పొందినవారు కలిసి 4 శాతానికి లోపే ఉన్నారు. దేశ జనాభా మొత్తంలో ఈ సంఖ్య సుమారు 7 శాతం. పేరున్న కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులలో ఇరవై అయిదుగురికి ఒకరు, ఆపై చదువులలో యాభై మందికి ఒకరు మాత్రమే ముస్లింలు. బడి వయస్సు పిల్లలలో మదర్సాలకు వెళ్ళేవారు 3 శాతం మాత్రమే. కాబట్టి మదర్సాల వల్లనే ముస్లింలు ఉన్నత విద్యకు దూరమయ్యారన్న వాదన నిలువదు. మిగిలిన పిల్లల్లో అధిక సంఖ్యాకులు మామూలు బడిలోనే చేరారు. చేరి, మధ్యలో ఆగిపోయారు.

ఈ స్థితికి నివేదిక చూపిన మార్గాలలో ఒకటి ఇది. ప్రవేశానికి నూరు పాయింట్లు నిర్ణయించి, అందులో ప్రతిభకు 60కి మించకుండా ఇవ్వాలి. మిగిలిన 40లో కుటుంబ ఆదాయానికి 17, జిల్లా వెనుకబాటుకు 13, కుటుంబ వృత్తి, కులం కలిపి చూసే వర్గ వెనుకబాటుకు 10 కేటాయించవచ్చు. ఇందులో మతం ప్రసక్తి లేదన్న సంగతిని పాఠకులు గమనించాలి. ముస్లిం పిల్లవాడికి ఏ కారణాల వల్ల దారి మూసుకుపోయిందో, అవే కారణాలు గల గోండు పిల్లవాడికి, నేత కార్మికుని బిడ్డకు కూడా ఈ పద్ధతిలో దారి తెరుచుకుంటుంది.

మన రెండు జిల్లాలకు దీనిని అన్వయించి చూడండి. 2006లో కేంద్ర ప్రభుత్వం వెనుకబడిన ప్రాంతాల గ్రాంటు నిధి కొరకు దేశంలో 250 జిల్లాలను ఎంపిక చేసింది. కరీంనగర్, ఆదిలాబాద్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఆ జాబితానే కొలమానంగా తీసుకుంటే ఇక్కడి ప్రతి విద్యార్థికీ జిల్లా పాయింట్లు దక్కేవి. కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ప్రాంతాలలో ఇంట్లో కూర్చొని బీడీలు చుట్టే తల్లుల సంపాదన మీద సాగుతున్న కుటుంబాలెన్నో ఉన్నాయి. పదో తరగతి, ఇంటర్ కాగానే పాస్‌పోర్టు తీసుకొని గల్ఫ్ దేశాలకు ప్రయాణమయ్యే యువకులు జగిత్యాల ప్రాంతంలో ఎందరో మనకు తెలుసు. ఆదిలాబాద్ పట్టణం నుండి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని డిగ్రీ కళాశాలలకు 1976లో స్థాపించిన కాకతీయ విశ్వవిద్యాలయమే ఆధారం. అది వరంగల్‌లో ఉంది. కరీంనగర్‌కు సొంత విశ్వవిద్యాలయం, శాతవాహన, 2008లో గాని రాలేదు. అటువంటి చోట ఒక ఆడపిల్ల సాధించిన 80 మార్కులను, నగరంలో శిక్షణ పొందిన విద్యార్థి సాధించిన 95తో ఏ సవరణా లేకుండా పోల్చడం న్యాయమనిపించుకోదు.

అయితే ఈ సూచనలోని లోపాలను కూడా చెప్పుకోవాలి. మొదటిది లెక్కకు సంబంధించినది. 80 శాతం మార్కులు గల ఆ అమ్మాయికి ప్రతిభ కింద 48 పాయింట్లు వస్తాయి. మిగిలిన 40 పూర్తిగా దక్కితే మొత్తం 88. 95 శాతం వచ్చి, ఇతర పాయింట్లేవీ లేని నగర విద్యార్థికి 57. ఇంతవరకు సంతోషమే. కాని 50 శాతం మార్కులు గల విద్యార్థికి కూడా ఇదే లెక్కన 70 వస్తాయి. కనీస ప్రతిభకు హద్దు పెట్టకుండా, చేరిన తరువాత ప్రత్యేక బోధన ఏర్పాటు చేయకుండా ఇంత బరువు వేస్తే, ఆ విద్యార్థి మొదటి సంవత్సరంలోనే తప్పి ఇంటికి చేరే ప్రమాదం ఉంది. అప్పుడు లోకం విశ్వవిద్యాలయాన్ని నిందించదు. "అవకాశం ఇచ్చాము, వీరు అందుకోలేదు" అని మన పిల్లలనే నిందిస్తుంది. ప్రవేశాన్ని గురించి ఇంత శ్రద్ధగా లెక్క వేసిన నివేదిక, ప్రవేశించినవాడు నిలదొక్కుకునే ఏర్పాటును ఆ లెక్కలో చేర్చవలసి ఉండెను.

ఈ విషయంలో మనకు దగ్గరలోనే ఒక ఉదాహరణ ఉంది. 2008లో బాసరలో, అనగా పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోనే, ఏర్పడిన సాంకేతిక విశ్వవిద్యాలయం పదో తరగతి ఫలితాల మీదనే విద్యార్థులను చేర్చుకుంటూ వచ్చింది. గ్రేడు పాయింట్లను పదికి లెక్కించిన కాలంలో, హాస్టలు వసతి లేని ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు 0.4 పాయింటు అదనంగా కలిపేవారు. నూటికి నాలుగు మాత్రమే. కాని చదువు ఆరు సంవత్సరాలు. అందులో మొదటి రెండు సంవత్సరాలు ఇంటర్ స్థాయి తయారీ. సచార్ సూచనలో తూకం పెద్దది, తయారీ లేదు. బాసరలో తూకం చిన్నది, తయారీ ఉంది. ఈ రెండింటినీ కలిపి ఆలోచించవలసిన బాధ్యత విద్యావేత్తలది.

రెండవ లోపం భాష. నివేదిక ఉర్దూను గురించి చాలా చెప్పింది. కాని ఇంట ఉర్దూ, బడిలో తెలుగు, కళాశాలలో ఇంగ్లీషు అనే మూడు మెట్లు ఎక్కే మన గ్రామీణ ముస్లిం పిల్లవాడు దాని దృష్టికి అంతగా రాలేదు. ఇంట కూడా తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబాల పిల్లలు అసలే రాలేదు. నలభై పాయింట్లలో చదివిన మాధ్యమానికి ఒక్క పాయింటు కూడా లేదు. తన ఇంట మొట్టమొదట కళాశాల గడప తొక్కుతున్నవారికి కూడా లేదు.

భాష మాట వచ్చినప్పుడు మన చరిత్రను నిష్పాక్షికంగా చూడాలి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ప్రారంభమయింది. ఆధునిక శాస్త్రాలను దేశభాషలో బోధించవచ్చునని నిరూపించినందుకు మనం గర్విస్తాము, గర్వించదగినదే. కాని ఆనాటి కరీంనగర్ రైతు బిడ్డకు, ఆదిలాబాద్ గోండు బిడ్డకు ఆ భాషే ఒక గోడ అయిందన్న సత్యాన్ని కూడా ఒప్పుకోవాలి. 1948 తరువాత ఇంగ్లీషు వచ్చింది, అదే గోడ ఉర్దూ బడి పిల్లలకు ఎదురయింది. మనకు అడ్డం వచ్చినప్పుడు మాత్రమే గోడను గోడ అనడం ధర్మం కాదు. అదే నిజాం ప్రభుత్వ కాలంలో, 1943లో, ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండులకు ఒక శిక్షణ కేంద్రం ఏర్పడింది. అక్కడ గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారు చేసి, గోండి భాషలోనే చదువు మొదలుపెట్టారు. పిల్లవాడున్న చోటికి బడి వెళ్ళడమంటే అది.

ఇక మన సమాజం చేసిన పొరపాటు. నివేదిక వచ్చిన నాటి నుండి మన చర్చ అంతా రిజర్వేషన్ శాతం చుట్టూ తిరిగింది. 2007 చట్టం ద్వారా వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం లభించింది. 2010లో హైకోర్టు కొట్టివేయగా, సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తరువుతో అమలు కొనసాగింది. 2017లో తెలంగాణ శాసనసభ 12 శాతానికి బిల్లు ఆమోదించినా అది చట్టంగా అమలుకు రాలేదు. ఆ 4 శాతం వల్ల కలిగిన మేలును తక్కువ చేయడం కృతఘ్నత. కాని అది గేటు వరకు చేరినవారికి దక్కే మేలు. ఇంటర్‌లోనే ఆగినవారికి దానితో పనిలేదు. ఇంకొక సంగతి: ప్రభుత్వం ఇచ్చిన ధన సహాయాన్ని ప్రభుత్వమే తీసివేయగలదు. 2009లో మొదలైన మౌలానా ఆజాద్ పరిశోధక వేతనం 2022 డిసెంబరులో ఆగిపోయింది. ప్రవేశ విధానమే విశ్వవిద్యాలయ నిబంధనలలో చేరితే దానిని కదిలించడం అంత తేలిక కాదు.

కావున మన కోరిక స్పష్టంగా ఉండాలి. ఏ జిల్లా నుండి, ఏ రకం బడి నుండి, ఏ మాధ్యమం నుండి ఎందరు చేరారో, ఎందరు చదువు పూర్తి చేశారో శాతవాహన, కాకతీయ విశ్వవిద్యాలయాలు ఏటా ప్రకటించాలి. ప్రతిభకు కనీస హద్దు, వెనుకబాటుకు తగు తూకం, చేరినవారికి మొదటి సంవత్సరం ప్రత్యేక బోధన, ఆడపిల్లలకు హాస్టలు: ఈ నాలుగూ కలిపి అడగాలి. మనకొక్కరికే గాక, అదే స్థితిలో ఉన్న వారందరి కొరకు అడగాలి.

మనం చేయగలిగినదీ ఉంది. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలలో చదువు వచ్చినవారికి, పదిమంది పిల్లలకు అక్షరాలు నేర్పడమే విడుదల పరిహారంగా దైవప్రవక్త (స) నిర్ణయించిన ఉదంతం మనకు సుపరిచితమే. నేర్పేవాడు ఎవరన్నది అడ్డం కాలేదు. ధనం కంటే చదువే మిన్న అయింది. పదో తరగతి ఫలితాలకు, కళాశాల తెరవడానికి మధ్య ఉండే వేసవి వారాలలో మసీదు పక్క గదిలో ఇంగ్లీషు, గణితం చెప్పించడానికి ఏ ప్రభుత్వ ఉత్తరువూ అవసరం లేదు. మన ఊళ్ళోని డిగ్రీ చదివిన ప్రతి యువకుడూ పదిమంది పిల్లల బాధ్యత తీసుకుంటే, వచ్చే నివేదికలో ఇరవై అయిదుగురికి ఒకరు అన్న లెక్క కొంతైనా మారుతుంది.