క్రూసేడ్‌కి పూలదండ, జిహాద్‌కి బేడీలు

కొన్నేళ్ల కింద జోడేకీ రఖం మీద ఒక కవిత రాశాను. తెలియని మిత్రుల కోసం చెబుతున్నా, జోడేకీ రఖం అంటే పెళ్లికొడుక్కి కట్టే నగదు కట్నం. ఇస్లాంలో అట్లాంటిది లేదు. పెళ్లికొడుకే పెళ్లికూతురికి ఇవ్వాల్సిన మెహర్ ఉంది. మెహర్‌ని నోటిమాటగా వదిలేసి రఖం మాత్రం ముందే లెక్కపెట్టుకుంటాం. మా ఆపా పెళ్లికి అబ్బా ఉన్న రెండెకరాల్లో ఒక ఎకరం అమ్మేశాడు. ఆ కోపంలోంచి వచ్చిన కవిత అది. చివర్లో, ఈ రఖం మీద నాది జిహాద్ అన్నాను. ఒక పత్రికకు పంపాను. అచ్చయింది. జిహాద్ ఉండాల్సిన చోట 'పోరాటం' ఉంది.

అడిగాను. సంపాదకుడు మంచివాడే. లౌకికవాది. 1992 డిసెంబర్‌లో బాబ్రీ మసీదు కూల్చినప్పుడు మాతోపాటు ఊరేగింపులో నడిచినవాడు. "భాయ్, ఆ మాట చూస్తే పాఠకుడు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు, లోపలికి రాడు. నీ మంచికే మార్చాను" అన్నాడు. సరే అనుకున్నాను. ఇంటికొచ్చి అదే సంచిక తిరగేస్తే నాలుగు పేజీల అవతల అవినీతి మీద కొట్లాడే ఒక పెద్దమనిషి గురించి వ్యాసం. శీర్షికలోనే 'క్రూసేడర్'! ఆ గుమ్మం దగ్గర మాత్రం ఏ పాఠకుడూ ఆగడన్నమాట.

ఈ క్రూసేడ్ సంగతేమిటో చూద్దాం. 1095లో ఫ్రాన్స్‌లోని క్లెర్మాంట్‌లో పోప్ రెండో అర్బన్ పిలుపునిచ్చాడు. బట్టల మీద శిలువ గుర్తు కుట్టుకుని బయల్దేరారు. ఆ శిలువ నుంచే క్రూసేడ్ మాట పుట్టింది. దారిలో 1096లో రైన్ నది ఒడ్డు పట్టణాల్లో యూదుల్ని నరికారు. 1099 జూలై 15న జెరూసలేం పట్టుకుని ముస్లింలనీ యూదులనీ ఊచకోత కోశారు. 1204లో సాటి క్రైస్తవుల కాన్‌స్టాంటినోపుల్‌నే దోచుకున్నారు. అప్పటి అరబ్బు చరిత్రకారులు వీళ్లని మతం పేరుతో పిలవలేదు. జాతి పేరుతో ఫ్రాంకులు, ఇఫ్రంజ్ అన్నారు. మన తెలుగులో పరంగి, ఫిరంగి ఆ వంశంలోవే.

మన బడి పుస్తకాల్లో వీటిని 'శిలువ యుద్ధాలు' అనే అనువదించారు. నిజాయితీ గల అనువాదం. చరిత్ర పాఠంలో శిలువ యుద్ధమైంది పత్రికలోకి వచ్చేసరికి శిలువా పోయింది, యుద్ధమూ పోయింది, ఉత్త మంచితనం మిగిలింది. ఇది ఇంగ్లీషువాడు ఎప్పుడో చేసిన పని. 1786లోనే థామస్ జెఫర్సన్ అజ్ఞానం మీద క్రూసేడ్ చేయమని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. రెండో ప్రపంచ యుద్ధం గురించి ఐసన్‌హోవర్ 1948లో అచ్చేసిన పుస్తకానికి పేరు 'క్రూసేడ్ ఇన్ యూరప్'. బిల్లీ గ్రాహం తన సువార్త సభల్ని క్రూసేడ్లే అన్నాడు. గెలిచినవాళ్ల మాట కదా, నెత్తురు కడిగేసుకుని తెల్లబట్టలు కట్టుకోవడానికి దానికి తొమ్మిది వందల ఏళ్ల తీరిక దొరికింది.

2001 సెప్టెంబర్ 16న జార్జి బుష్ తన టెర్రరిజం వ్యతిరేక యుద్ధాన్ని క్రూసేడ్ అన్నాడు. అరబ్బు దేశాల్లో, యూరప్‌లో గగ్గోలు పుట్టింది. రెండు రోజులకు అతని ప్రతినిధి విచారం వ్యక్తం చేశాడు. ఏదో పెద్ద పనికి పూనుకోవడం అనే మామూలు అర్థంలోనే వాడాడని సర్దిచెప్పాడు. మామూలు అర్థమట! బుష్ మాటకు మామూలు అర్థం ఉంటుంది, నిఘంటువు ఉంటుంది, సంజాయిషీ చెప్పే ప్రతినిధి ఉంటాడు. నా కవితకు ఎవరున్నారు? ఇంతచేసి ఆ మాటను వదులుకున్నవాళ్లు క్రైస్తవుల్లోనే ఉన్నారు. 'క్యాంపస్ క్రూసేడ్ ఫర్ క్రైస్ట్' అనే సంస్థ 2011లో అమెరికాలో తన పేరు మార్చుకుంటున్నట్టు ప్రకటించింది. ఆ మాట తగిలే గాయం వాళ్లకు అర్థమైంది. మన తెలుగు డెస్కులకు ఇంకా కాలేదు.

'ధర్మం' సంగతి చెప్పనక్కర్లేదు. 2017లో తమిళనాడులో పన్నీర్‌సెల్వం ధర్మయుద్ధం ప్రకటించాడు. 2018 ఏప్రిల్‌లో చంద్రబాబునాయుడు విజయవాడలో ధర్మ పోరాట దీక్షకు కూర్చున్నాడు. ఎవరి ధర్మం, ఏ శాస్త్రంలోది అని ఏ పోలీసూ అడగలేదు. అడగకూడదు కూడా. అది ప్రజల నోట్లో నలిగి న్యాయం అనే అర్థానికి వచ్చేసిన మాట. నేనడిగేది ఒక్కటే, మా మాటకు నలిగే హక్కు ఎందుకు లేదు?

జిహాద్ అరబ్బీలో జీమ్, హే, దాల్ అనే మూడక్షరాల ధాతువు నుంచి వచ్చింది. శ్రమించడం, సర్వశక్తులూ పెట్టి ప్రయత్నించడం దాని అర్థం. శాస్త్రాన్ని బుద్ధితో తరచి కొత్త తీర్పు చెప్పే ఇజ్తిహాద్ అక్కడిదే. ఉర్దూ పేపర్లు తెరవండి, కార్మికుల సమ్మె అయినా టీచర్ల ధర్నా అయినా జిద్దోజహద్ అనే ఉంటుంది. అందులోని జహద్ ఆ ధాతువుదే. అయినా సమ్మె చేసేవాళ్లని టెర్రరిస్టులని ఎవరూ అనుకోవడం లేదు, లిపి చదవలేరు కాబట్టి బతికిపోయారు.

మరి తెలుగులో దీనికి సరైన మాట ఏది? పవిత్ర యుద్ధం అని మన పత్రికలు రాస్తాయి. అది ఇంగ్లీషు 'హోలీ వార్'కి అనువాదం, జిహాద్‌కి కాదు. యుద్ధానికి అరబ్బీలో హర్బ్ అని, పోరుకు ఖితాల్ అని వేరే మాటలున్నాయి. నేను చాన్నాళ్లు వెతికాను. జవాబు ఎదురుగానే ఉంది. ఉద్యమం! సంస్కృతంలో ఉద్యమం అంటే ప్రయత్నం, పూనిక, శ్రమ. సోమరితనానికి వ్యతిరేకంగా పండితులు చెప్పే సుభాషితాల్లో ఆ అర్థమే. ప్రయత్నం అనే మాట పెరిగి పెరిగి పదిమంది కలిసి అన్యాయం మీద లేవడంగా మారింది. అక్కడ జిహాద్ నడిచిన దారీ కొంతమేరకు ఇదే. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబర్‌లో ప్రభుత్వం సారా నిషేధించాల్సి వచ్చింది. దాన్ని మనం ఉద్యమం అన్నాం. మద్యం హరాం అని నమ్మే ముస్లిం తల్లులు అదే పని తమ భాషలో జిహాద్ అనుకుంటే అర్థంలో వెంట్రుకవాసి తేడా లేదు. కానీ ఆ మాట రాసిన బ్యానర్ పట్టుకుని ఏ ఊళ్లోనైనా నాలుగడుగులు వేయగలరా?

ఇక్కడ నిఘంటువు మూసి మనలో మనం మాట్లాడుకోవాలి. మాటలకు అర్థాలు ధాతువులు మాత్రమే ఇవ్వవు, మనుషుల చేతలూ ఇస్తాయి. రజాకార్ అంటే స్వచ్ఛంద సేవకుడు. ఎంత మంచి మాట! ఖాసిం రజ్వీ మనుషులు తెలంగాణ పల్లెల్లో చేసిన ఘోరాలతో అది తిట్టుగా మిగిలింది. ఇప్పుడు నేను పోయి దాని అసలర్థం ఇదండీ అంటే ఆ పల్లెల్లో ఎవరు వింటారు? వినకపోవడం వాళ్ల తప్పా? జిహాద్ విషయంలోనూ మనవాళ్లు 'అది ఆత్మశుద్ధి మాత్రమే' అని సగం పాఠమే చెబుతున్నారు. ఫిఖ్ గ్రంథాల్లో జిహాద్ అధ్యాయాలు ఎక్కువగా యుద్ధం గురించే. ఎవరు చేయాలి, ఎవర్ని చంపకూడదు అనే నియమాలతో సహా. దాచడమెందుకు? 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర పేలిన బాంబుల కేసులో 2018లో శిక్ష పడ్డవాళ్ల సంస్థ పేరు ముజాహిదీన్ అనే. ఆ సాయంత్రం చాట్ తినడానికి పోయి తిరిగిరానివాళ్ల ఇళ్లలో ధాతువు గురించి ఉపన్యాసం ఇచ్చే ధైర్యం నాకైతే లేదు.

అయితే ఆ మాటను వాళ్లకే రాసిచ్చేద్దామా? షోయబుల్లాఖాన్‌ని గుర్తుచేసుకోండి. ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక నడిపాడు. హైదరాబాద్ భారత్‌లో కలవాలని, రజాకార్ల దౌర్జన్యాలు ఆగాలని ఆ పత్రికలో రాశాడు. 1948 ఆగస్టులో ఇంటికి తిరిగొస్తున్న ఆయన్ని నడిరోడ్డు మీద చంపారు, రాసిన చేతిని నరికారు. జాలిమ్ పాలకుడి ముందు సత్యం పలకడమే గొప్ప జిహాద్ అని ప్రవక్త చెప్పినట్టు హదీసుల్లో ఉంది. ఆ లెక్కన ఆ రాత్రి ముజాహిద్ ఎవరు? ఇస్లాం పేరు చెప్పుకుని కత్తి పట్టినవాళ్లా, చెయ్యి పోగొట్టుకున్నవాడా? ఈ ప్రశ్న మన మసీదుల్లో వినపడదు. లౌకిక మిత్రుల సభల్లోనూ వినపడదు, వాళ్లకు ఆయన వీరుడే గాని ఏ విశ్వాసం లోపలి నుంచి చూసినా వీరుడేనన్న సంగతి పట్టదు.

ఈలోపు మాటను అవతలివాళ్లు దొరకబుచ్చుకుని తోకలా ప్రతిదానికీ తగిలిస్తున్నారు. ప్రేమిస్తే లవ్ జిహాద్. జబ్బుపడితే 2020లో కరోనా జిహాద్. పరీక్ష పాసైతే యూపీఎస్సీ జిహాద్. ఈ చివరిదాన్ని ఒక టీవీ ఛానెల్ వరస కార్యక్రమంగా వేస్తుంటే 2020 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది. లవ్ జిహాద్ అనేదానికి ఉన్న చట్టాల్లో నిర్వచనమే లేదని, కేంద్ర సంస్థలు అట్లాంటి కేసు ఒక్కటీ నమోదు చేయలేదని అదే ఏడు ఫిబ్రవరిలో లోక్‌సభకు చెప్పింది ఎవరో కాదు, సికింద్రాబాద్ నుంచి గెలిచి హోంశాఖ సహాయమంత్రి అయిన బీజేపీ నాయకుడు కిషన్‌రెడ్డే. నిర్వచనం లేకపోతేనేం, మాట వీధుల్లో తిరుగుతూనే ఉంది.

ఇప్పుడు నా కవితలన్నీ పుస్తకంగా వేద్దామని కూర్చున్నాను. జోడేకీ రఖం కవిత దగ్గర ఆగాను. పోరాటం కొట్టేసి మళ్లీ జిహాద్ రాశాను. కవిత ఎవరి గురించో ఆమెకే వినిపిద్దామని ఆపా ఇంటికి తీసుకుపోయాను. ఆపా మొత్తం విన్నది. ఎకరం అమ్మిన దగ్గర కొంగుతో కళ్లు తుడుచుకుంది. చివరి మాట దగ్గర తల ఎత్తింది.

"అచ్ఛా హై రే ఛోటే. సరిగ్గా అదే మాట" అంది. కాసేపు ఊరుకుని, "కానీ పోరాటమనే ఉంచు. పిల్లోడు దుబాయ్‌కి పాస్‌పోర్ట్ పెట్టిండు. ఎంక్వయిరీకి ఇంకా రాలే" అంది.