రొంప తగ్గాక సైకిల్

సైకిల్ తొక్కేవాళ్లకు ఆగడం కూడా రావాలి. రొంప పట్టినప్పుడు ఎన్నాళ్లు ఆగాలో, ఎలా మళ్లీ ఎక్కాలో తెలిసినవాళ్లే ముసలితనం దాకా తొక్కుతారని నా నమ్మకం. మా కె.కోటపాడు వైపు సంక్రాంతికి ముందూ వెనకా, మంచు దట్టంగా పడే రోజుల్లో, ఏటా ఈ పరీక్ష తప్పదు.

జలుబు తెచ్చే వైరస్‌లలో ఒక్క రైనోవైరస్‌కే 150కి పైగా రకాలున్నాయి. అందుకే ఒకసారి వచ్చిపోయినా మరోసారి రాదన్న భరోసా లేదు. ముక్కు కారడం మామూలుగా వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. దగ్గు మాత్రం రెండు మూడు వారాలు పట్టి ఉండొచ్చు. మిరియాల చారు, శొంఠి కషాయం, ఆవిరి ప్రాణానికి హాయినిస్తాయి. అసలు పని విశ్రాంతిదే.

మళ్లీ ఎప్పుడు ఎక్కాలి? అమెరికా క్రీడావైద్యుడు రాండీ ఐక్నర్ చెప్పిన మెడ లెక్కనే నేను పాటిస్తాను. బాధ మెడకు పైనే ఉంటే, అంటే తుమ్ములు, ముక్కు కారడం, కాస్త గొంతు గరగర, ఓ పది నిమిషాలు నెమ్మదిగా తొక్కి చూడొచ్చు. తల తేలికపడితే ముందుకు, బరువెక్కితే ఇంటికి. జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలోంచి దగ్గు, ఆయాసం ఉంటే సైకిల్ ముట్టకూడదు. జ్వరంలో గుండె కూర్చున్నచోటే వేగంగా కొట్టుకుంటుంది. కొన్ని వైరస్‌లు గుండె కండరానికే వాపు తెస్తాయి. అది అరుదే. కానీ ఆ సమయంలో శ్రమపడితే ప్రాణం మీదికి రావొచ్చు.

ఆగితే బలం పోతుందన్న భయమే చాలామందిని తొందరపెడుతుంది. పరిశోధకుడు ఎడ్వర్డ్ కోయిల్ బృందం బాగా సాధన చేసినవాళ్లచేత సాధన మాన్పించి చూసి, 1984లో ఫలితాలు ప్రకటించింది. శరీరం ఆక్సిజన్‌ను వాడుకునే గరిష్ఠ శక్తి మొదటి 12 నుంచి 21 రోజుల్లో తగ్గింది సుమారు 7 శాతమే. నాలుగు రోజులు ఆగినందుకు కాళ్లు మనల్ని మరిచిపోవు.

మా వైపు మరో సంగతి ఉంది. బెల్లం వండే కాలమూ ఈ మంచు రోజులే. అనకాపల్లి మార్కెట్‌కు చేరే బెల్లం ఇలాంటి పల్లెల్లోనే తయారవుతుంది. చెరకు పిప్పి మండిన పొగ తెల్లవారుజాము మంచుతో కలిసి నేలబారుగా నిలిచిపోతుంది. రొంప తగ్గినా ఊపిరి గొట్టాలు కొన్ని వారాలు సున్నితంగానే ఉంటాయి. చల్లగాలీ పొగా తగిలితే దగ్గు తెర మళ్లీ మొదలు. అందుకే ఆ రోజుల్లో ఎండ పొడిచాకే బయల్దేరతాను. టైర్లలో గాలి చూసి, చైనుకు నూనె పెట్టి, చౌడువాడ వైపో గొండుపాలెం వైపో కొద్ది దూరం. పోయేటప్పుడు ఎదురుగాలి ఉండే దారి ఎంచుకుంటే, అలిసి తిరిగొచ్చేటప్పుడు గాలి వెనక నుంచి సాయం చేస్తుంది. పక్కవాళ్లతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగేంత వేగం చాలు. ఎత్తు వస్తే దిగి నడిపించుకోవడమే మంచిది.

ఇదంతా తీరికున్నవాళ్ల మాటగా మిగలకూడదు. పాల క్యాన్లు కట్టుకుని కేంద్రానికి వెళ్లేవాళ్లకు, కూలికి సైకిల్ మీదే పోయేవాళ్లకు, ఆగడమంటే ఆ పూట సంపాదన వదులుకోవడం. జ్వరంతోనే పెడల్ తొక్కుతారు. వాళ్లకు విశ్రాంతి ముఖ్యమని చెప్పి ఊరుకుంటే లాభం లేదు. మీ వీధిలో అలా ఎవరైనా దగ్గుతూ బయల్దేరితే ఆపండి. ఆ క్యాన్లు ఆ పూటకు మీ బండి మీద వేసుకెళ్లండి. వాళ్లకు కావలసిన మందులో సగం అదే.